బండి వెనకభాగం లేస్తుంది, బరువు మాత్రం అక్కడే ఉంటుంది

ప్రశ్న: మాది బంగారుపాళెం దగ్గర ఒక పల్లె. ఎనిమిది ఎకరాల తోతాపురి మామిడి తోట సొంతం, పలమనేరు వైపు ఇంకొక తోట కౌలుకు చేస్తున్నాను. వెనక కమాన్ కట్టలు (ఇనుప పట్టీల స్ప్రింగులు) ఉన్న పికప్ బండి ఉంది. పూత రోజుల్లో దానికి వెయ్యి లీటర్ల ట్యాంకు, పవర్ స్ప్రేయరు బిగించిన రెండు చక్రాల ట్రెయిలర్ తగిలించుకొని మా తోటలకూ, అడిగిన రైతుల తోటలకూ మందు కొట్టడానికి వెళ్తాను. బండిలో మందు డబ్బాలు, పైపు చుట్టలు, ఇద్దరు ముగ్గురు కూలీలు ఉంటారు. ట్యాంకు నింపితే బండి వెనక మూడున్నర అంగుళాలు దిగుతోంది, స్టీరింగు తేలిపోతోంది, రాత్రిపూట ఎదురొచ్చేవాళ్లు లైటు కళ్లలో పడుతోందని కోప్పడుతున్నారు. తిరుపతిలో ఒక అంగడిలో ఇరుసుకూ ఛాసిస్‌కూ (బండి చట్రానికి) మధ్య పెట్టే గాలి బ్యాగులు చూపించి, ఇవి ఉంటే ఇంకో టన్ను వేసినా బండి దిగదన్నారు. పెట్టించవచ్చా? నేనే బిగించుకోగలనా? పలమనేరు దారిలోని మొగిలి ఘాట్‌లో భయం లేకుండా దిగవచ్చా? ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 3 మీటర్లు, వెనక ఇరుసు నుంచి కొక్కేనికి 1.2 మీటర్లు ఉంది.
– పేరు వద్దని కోరిన రైతు, చిత్తూరు జిల్లా

సమాధానం: కొలతలు కూడా రాసి పంపినందుకు ముందుగా కృతజ్ఞతలు. బండి ఎంత దిగుతోందో, కొక్కెం ఇరుసుకు ఎంత వెనక ఉందో తెలియకుండా ఇలాంటి విషయంలో చెప్పే సలహా ఊహ మాత్రమే అవుతుంది. మీ మూడు ప్రశ్నలకూ మొదట చిన్న సమాధానాలు ఇస్తాను. బ్యాగులు పెట్టించవచ్చు, అయితే బరువు తూచిన తర్వాతే. పనిలో సగం మీరు చేసుకోగలరు, మిగతా సగం చేతనైన మెకానిక్‌కు వదలాలి. ఘాట్‌లో మీకున్న భయాన్ని మాత్రం ఆ బ్యాగులు తీర్చవు, పైగా సరిగా అమర్చకపోతే ఆ భయానికి కొత్త కారణం కూడా తోడవుతుంది. ఇక ఇంకో టన్ను వేయవచ్చన్న మాట పూర్తిగా తప్పు, ఆ మాట నమ్మి మీరు బండి మీద బరువు పెంచకూడదన్నదే ఈ సమాధానంలో నా మొదటి ఆందోళన.

గాలి బ్యాగు అనగానే కొందరు ప్రమాదంలో స్టీరింగులోంచి తెరుచుకునే సంచి అనుకుంటారు, ఇది అది కాదు. దారాల పొరలు కలిపి చేసిన మందపాటి రబ్బరు గుల్ల ఇది. వెనక ఇరుసు మీద ఒక్కో పక్క ఒకటి చొప్పున నిలబెట్టి, పై భాగాన్ని ఛాసిస్‌కూ కింది భాగాన్ని ఇరుసుకూ బిగిస్తారు. టైరుకు ఎక్కించినట్టే వాల్వు ద్వారా గాలి ఎక్కిస్తే, కమాన్ కట్ట మోస్తున్న బరువులో కొంత భాగాన్ని ఆ గాలి మోస్తుంది, దానితో దిగిన వెనకభాగం పైకి లేస్తుంది. పెద్ద ఏసీ బస్సుల్లో గాలి స్ప్రింగులే బండి మొత్తాన్ని మోస్తాయి, ఎత్తును కూడా వాటి వాల్వులు తమంతట తామే సరిచేసుకుంటాయి. మీకు చూపించిన రకంలో కమాన్ కట్టలు అలాగే ఉంటాయి, బ్యాగు వాటికి సాయం మాత్రమే చేస్తుంది, గాలి ఎంత ఉండాలో మీరే చూసుకోవాలి.

ఇప్పుడు ఆ టన్ను సంగతి. బండి ఎంత మోయగలదన్నది కమాన్ కట్ట ఒక్కటే నిర్ణయించే విషయం కాదు. వెనక ఇరుసు గొట్టం, చక్రాల బేరింగులు, టైర్లు, బ్రేకు డ్రమ్ములు, ఛాసిస్ అన్నీ కలిసి ఒక పరిమితిని భరిస్తాయి, కంపెనీ ఆ పరిమితిని లెక్కగట్టి ఆర్‌సీలో మొత్తం బరువుగా, ఇరుసువారీ బరువుగా రాయిస్తుంది. బ్యాగు పెట్టినందువల్ల వీటిలో ఏ ఒక్కటీ బలపడదు. నిజానికి వెనకభాగం దిగడం అనేది ఇక చాలని బండి మనకు చూపించే గుర్తు. గాలి ఎక్కించి ఆ గుర్తును చెరిపేస్తే కంటికి బండి సమంగా కనిపిస్తుంది, మనిషి ఇంకో పది డబ్బాలు వేస్తాడు, ఆ బరువు మొత్తం బేరింగు మీదా టైరు మీదా పడుతూనే ఉంటుంది.

మీ బండికి మూడున్నర అంగుళాలు దిగడం గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. పికప్ బండికి ఉండే గట్టి కమాన్ కట్టలు ట్రెయిలర్ కొక్కెం మీద న్యాయంగా పడవలసిన బరువుకు అంతగా దిగవు. కాబట్టి మూడు కారణాల్లో ఒకటైనా ఉండి తీరాలి: ట్రెయిలర్ మీద ట్యాంకు ఇరుసుకు బాగా ముందుకు జరిగి కొక్కెం మీద అతిగా బరువు పడుతూ ఉండాలి, లేదా బండిలోనే మీరు అనుకున్న దానికన్నా ఎక్కువ లోడు ఉండాలి, లేదా కమాన్ పట్టీలు అలసిపోయి ఉండాలి. మూడోది చూడటం తేలిక. ఖాళీ బండిని సమంగా ఉన్న నేల మీద నిలిపి పక్క నుంచి చూస్తే పట్టీల వంపు రెండు పక్కలా ఒకేలా ఉండాలి. బ్రష్షుతో మట్టి దులిపి ఒక్కో పట్టీ అంచును వేలితో తడుముతూ పోండి, విరిగిన చోట సన్నటి తుప్పు గీత కనిపిస్తుంది, చాలాసార్లు అది మధ్య బోల్టు దగ్గరే ఉంటుంది. విరిగిన పట్టీ మీద గాలి బ్యాగు పెట్టడం పుండు మీద పట్టీ వేసి పైన చొక్కా తొడుక్కున్నట్టే అవుతుంది. ముందు కమాన్ పని చేయించండి, ఆ తర్వాతే మిగతాది.

స్టీరింగు తేలిపోతోందని రాశారు కదా, దాని లెక్క మీరిచ్చిన కొలతల్లోనే ఉంది. కొక్కెం మీద 180 కిలోలు పడుతోందనుకుందాం. ఆ బరువు వెనక ఇరుసుకు 1.2 మీటర్ల వెనక వేలాడుతుంది కాబట్టి, తూనికబద్ద లాగా వెనక ఇరుసును ఆధారం చేసుకొని ముందు భాగాన్ని పైకి లేపుతుంది. 180ని 1.2తో హెచ్చించి 3తో భాగిస్తే 72 వస్తుంది. అంటే ముందు చక్రాల మీద 72 కిలోలు తగ్గుతాయి, వెనక ఇరుసు మీద 180 కాదు, 252 కిలోలు పెరుగుతాయి. గాలి బ్యాగు వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఉంటుంది తప్ప ముందు ఇరుసుకు దానితో ఏ సంబంధమూ లేదు కాబట్టి, ఎంత గాలి ఎక్కించినా ఆ 72 కిలోలు ముందుకు తిరిగి రావు. దీన్ని మీ కళ్లతో మీరే చూడవచ్చు. ట్రెయిలర్ తగిలించక ముందు ముందు చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలవండి, తగిలించాక కొలవండి, బ్యాగులకు గాలి ఎక్కించాక మళ్లీ కొలవండి. రెండోసారి పెరిగిన ముందు భాగపు ఎత్తు మూడోసారి దాదాపు అలాగే ఉంటుంది. వెనక లేచింది కాబట్టి బండి సమంగా ఉన్నట్టు అనిపిస్తుంది, స్టీరింగు మాత్రం అంతే తేలికగా ఉంటుంది. ఆ బరువును ముందుకు తోసేవి స్ప్రింగు కడ్డీలున్న ప్రత్యేకమైన కొక్కేలు, వాటి పని వేరు, బ్యాగుల పని వేరు.

కాబట్టి మొదట చేయవలసిన పని తూకం. మామిడి కాయ తూచే ప్లాట్‌ఫాం కాటా మీ ఊరి మండీలోనో దామలచెరువు మార్కెట్లోనో దొరకనిది కాదు. ట్రెయిలర్‌ను చదునైన చోట నిలిపి, చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టి, ట్యాంకు నిండా నీళ్లు నింపి, ట్రెయిలర్ ముందు కొనను బండికి తగిలించే ఎత్తులోనే ఒక గట్టి చెక్క మొద్దు మీద ఆనించి, ఆ మొద్దును కాటా మీద పెట్టండి. మొద్దు బరువు తీసేస్తే వచ్చేదే కొక్కెం బరువు. నీళ్లు వెయ్యి కిలోలు, ట్రెయిలర్ ఇనుము, ఇంజను, పంపు కలిపి మూడున్నర వందలనుకుంటే మొత్తం 1,350 కిలోలు, అందులో పదో వంతు నుంచి పదిహేను శాతం వరకు, అంటే సుమారు 135 నుంచి 200 కిలోలు కొక్కెం మీద ఉండటం మంచిది. మూడు వందలు దాటి ఉంటే మీ మూడున్నర అంగుళాలకు కారణం దొరికినట్టే, ట్యాంకును కొంచెం వెనక్కి జరిపించండి. అయితే బండి దిగకూడదన్న తొందరలో మరీ వెనక్కి జరిపి కొక్కెం బరువును పదో వంతు కన్నా తగ్గించవద్దు. అలా చేస్తే బండి వేగం అందుకోగానే ట్రెయిలర్ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది, ఒకసారి మొదలైన ఊపు బండిని కూడా తనతో లాక్కుపోతుంది. ఈ రెండు కీడుల్లో వెనక దిగడమే చిన్న కీడు.

ఆ తర్వాత లోడుతో సహా వేబ్రిడ్జికి వెళ్లి, మొదట ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఒక చీటీ, బండి రెండు ఇరుసులూ కాటా మీద ఉండి ట్రెయిలర్ చక్రాలు బయట ఉండేలా ఇంకో చీటీ తీసుకోండి. రెండింటి తేడాయే వెనక ఇరుసు బరువు. అది ఆర్‌సీలో రాసిన దానికి లోపల ఉంటేనే బ్యాగుల గురించి ఆలోచించాలి. దాటి ఉంటే ఆలోచించవలసింది లోడు తగ్గించడం గురించి. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ తర్వాత 194వ సెక్షన్ కింద అధిక లోడుకు 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2,000 రూపాయల జరిమానా ఉంది, ఆ ఎక్కువ లోడును అక్కడే దించాలి కూడా. బ్యాగులు ఉన్నాయని చెప్పినంత మాత్రాన ఆ పరిమితి పెరగదు.

బరువు పరిమితిలో ఉన్నా కూడా ఛాసిస్ సంగతి మరువకూడదు. కమాన్ కట్ట తన బరువును ముందు కొన దగ్గర ఒక చోట, వెనక షాకిలు (కట్ట కొనను ఛాసిస్‌కు కలిపే ఊగే బద్ద) దగ్గర ఒక చోట, ఇలా రెండు చోట్ల పంచుతుంది. గాలి బ్యాగు సరిగ్గా ఇరుసు మీదుగా ఒకే చోట ఛాసిస్‌ను పైకి తోస్తుంది. ఆ చోటికి వెనక కొక్కెం బరువు, ముందు క్యాబిన్ బరువు కిందికి లాగుతూ ఉంటే, గుంతలో దబ్బున పడిన ప్రతిసారీ ఛాసిస్ ఆ ఒక్క చోటే వంగాలని చూస్తుంది. ఆస్ట్రేలియాలో కారవాన్లు లాగే పికప్ బండ్లకు ఇలాంటి బ్యాగులు పెట్టి అతిగా లోడు చేసినప్పుడు ఛాసిస్ క్యాబిన్ వెనక వంగిపోయిన సంఘటనలు చాలా ఉన్నాయి. అందుకే ఏడాది పొడవునా ఒకే రకమైన లోడు మోసే బండికి బ్యాగు కన్నా కమాన్ కట్టకు అదనంగా ఒక హెల్పర్ పట్టీ వేయించుకోవడం మేలని నా అభిప్రాయం, బండి ఒక రోజు ఖాళీగా, ఒక రోజు లోడుతో తిరిగే మీలాంటి వారికి బ్యాగు పనికొస్తుంది, ఎందుకంటే అవసరం లేనప్పుడు దాని గాలి తగ్గించవచ్చు, పట్టీని తగ్గించలేము.

ఇక బ్రేకు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ దిగులు కలిగించిన మాట మొగిలి ఘాట్. చాలా పికప్ బండ్లలో వెనక ఇరుసు దగ్గర ఛాసిస్‌కు ఒక చిన్న బ్రేకు వాల్వు, దాని నుంచి ఇరుసుకు ఒక కడ్డీ లేదా స్ప్రింగు ఉంటాయి, మెకానిక్‌లు దాన్ని లోడ్ సెన్సింగ్ వాల్వు అంటారు. బండి లోడుతో దిగితే ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య దూరం తగ్గుతుంది, కడ్డీ కదులుతుంది, వాల్వు వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. బండి ఖాళీగా ఉంటే వెనక చక్రాలు జారకుండా ఒత్తిడి తగ్గిస్తుంది. పాపం ఆ వాల్వుకు బరువు తెలియదు, దూరం మాత్రమే తెలుసు. మీరు గాలి ఎక్కించి వెనకభాగాన్ని ఖాళీ బండి ఎత్తుకు లేపితే అది బండి ఖాళీగా ఉందనుకొని, వెనక టన్నుకు పైగా బరువు తోస్తున్న సమయంలోనే వెనక బ్రేకును తగ్గిస్తుంది. ముందు చక్రాల మీద బరువు తగ్గిందని పైన లెక్క వేశాం, అంటే ముందు బ్రేకుకు నేల పట్టు తగ్గింది, వెనక బ్రేకుకు ఒత్తిడి తగ్గింది, బండి దిగుడులో ఉంది. కనుక మీ బండికి ఆ వాల్వు ఉందో లేదో కిందికి వంగి చూడండి, ఉంటే కంపెనీ సర్వీసు సెంటరులో చూపించకుండా బ్యాగులు పెట్టించవద్దు.

దీని నుంచే గాలి ఎంత ఉండాలన్న దానికి కూడా సమాధానం వస్తుంది. దిగిన మూడున్నర అంగుళాలనూ తిరిగి లేపడం మీ లక్ష్యం కాకూడదు. ఒకటిన్నర, మహా అయితే రెండు అంగుళాలు లేస్తే చాలు, ఇంకొంచెం దిగి ఉండనివ్వండి, అప్పుడే ఆ వాల్వుకు లోడు ఉన్న సంగతి కొంతైనా తెలుస్తుంది. లైట్ల సమస్యకు బండిలో లైటు ఎత్తు తగ్గించే చక్రం ఉంటే దాన్ని తిప్పుకోండి, లేకపోతే లోడుతో నిలిపి లైట్లను దించి సరిచేయించండి.

బిగించే పని గురించి. బ్రాకెట్లు ఛాసిస్‌కు పట్టించే పనినీ, బ్రేకు వాల్వు పనినీ మెకానిక్‌కే వదలండి, పక్కన నిలబడి కొన్ని విషయాలు మాత్రం మీరే చూసుకోండి. ఇరుసు గొట్టం మీద వెల్డింగు చేయనివ్వకూడదు, కింది బ్రాకెట్ బోల్టులతోనే పట్టాలి. ఛాసిస్ రేకు పై అంచులోనూ కింది అంచులోనూ రంధ్రం వేయనివ్వకూడదు, వంపు భారం ఎక్కువగా మోసేవి ఆ రెండు అంచులే. ఇరుసు మీదుగా వెళ్లే బ్రేకు పైపు బ్రాకెట్ కింద నలగకూడదు, ఇది తొందరలో చాలామంది చూడని చోటు. బండిని జాకీ మీద మాత్రమే నిలిపి కిందికి దూరవద్దు, ఛాసిస్ కింద రెండు పక్కలా గట్టి స్టాండ్లు ఉండాలి, ముందు చక్రాలకు దిమ్మలు ఉండాలి. ఇరుసు పైకి కొట్టుకోకుండా ఆపే బంప్ రబ్బరు తీసి ఆ చోట బ్యాగు పెట్టే రకమైతే, తీసిన రబ్బరును పారేయకుండా దాచుకోండి, ఏనాడైనా బ్యాగులు తీసేస్తే అది తిరిగి కావాలి.

బ్యాగు నిండుగా ఉబ్బినప్పుడు చుట్టూ కనీసం అర అంగుళం ఖాళీ ఉండాలి, షాక్ అబ్జార్బరుకుగానీ టైరుకుగానీ రాసుకుంటే కొన్ని నెలల్లో రబ్బరు అరిగి దారాలు బయటపడతాయి. సైలెన్సరు గొట్టం ఆరు అంగుళాల లోపు ఉంటే మధ్యలో వేడిని ఆపే రేకు తప్పనిసరి. గాలి గొట్టాలు వేయడం మీరు చేసుకోగల పనే. సన్నటి నైలాన్ గొట్టాన్ని కటింగ్ ప్లేయరుతో నొక్కి కోస్తే కొన చపటగా మారి కీలు దగ్గర గాలి కారుతుంది, పదునైన బ్లేడుతో అడ్డంగా, వంకర లేకుండా కోయండి. కీలులోకి నొక్కి, ఒకసారి వెనక్కి లాగి చూడండి, వదులుగా వస్తే సరిగా కూర్చోలేదని అర్థం. గాలి ఎక్కించి ప్రతి కీలు మీదా సబ్బు నీళ్లు పూయండి, బుడగ ఎంత చిన్నదైనా కారుతున్నట్టే. ఆ రాత్రి అలాగే వదిలి ఉదయం ఎత్తు కొలిచి చూసుకోండి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ బిగించడం మరువవద్దు.

రెండు బ్యాగులకు రెండు వేర్వేరు గొట్టాలు, రెండు వేర్వేరు వాల్వులు ఉండాలని గట్టిగా చెబుతున్నాను, ఈ మాట నా అనుభవం మీద చెబుతున్నది. కొన్నేళ్ల కిందట నా బండికి గాలి పట్టడం తేలికని రెండు గొట్టాలనూ కలిపి ఒకే వాల్వు పెట్టారు, నేనూ ఒప్పుకున్నాను. పీలేరు నుంచి లోడుతో వస్తూ భాకరాపేట ఘాట్‌లో ఒక మలుపు తిరిగేటప్పుడు బండి బయటి పక్కకు ఒరిగింది, మలుపు అయిపోయాక కూడా ఒక క్షణం పాటు తిరిగి నిలబడలేదు. జరిగింది ఏమిటంటే, మలుపులో బయటి బ్యాగు నలిగి దానిలోని గాలి కలిపిన గొట్టం గుండా లోపలి బ్యాగులోకి వెళ్లింది, ఎక్కడ బలం కావాలో అక్కడ గాలి తగ్గింది, ఎక్కడ అక్కరలేదో అక్కడ పెరిగింది. బండి పక్కకు తీసి నిలిపాక స్టీరింగు మీద నుంచి చేతులు తీయడానికి నాకు కొంత సేపు పట్టింది. ఆ రోజే గొట్టాలు విడదీయించాను.

మీకు చూపించినలాంటి, ఇరుసు మీద నిలబెట్టే బ్యాగులకు ఎక్కువ కంపెనీలు 5 నుంచి 100 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) వరకు పరిమితి ఇస్తాయి, అయినా డబ్బా మీద రాసిందే ప్రమాణంగా తీసుకోండి. చుట్టల స్ప్రింగు లోపల దూర్చే చిన్న బ్యాగులు వేరే రకం, వాటి పరిమితి 35 పీఎస్ఐ దగ్గరే ఆగుతుంది, కమాన్ కట్టల బండికి అవి పనికిరావు. బ్యాగులో గాలి పట్టే చోటు చాలా తక్కువ, పంచర్ అంగడి కంప్రెసరుతో పెడితే రెండు మూడు సెకండ్లలోనే పరిమితి దాటిపోవచ్చు, అందుకే కాలి పంపు మేలు. గేజి పెట్టి చూసిన ప్రతిసారీ రెండు మూడు పీఎస్ఐ తగ్గుతుందని గుర్తుంచుకొని ఆ మేరకు ఎక్కించుకోండి. ఖాళీ బండితో తిరిగేటప్పుడు 5 నుంచి 10 పీఎస్ఐకి తగ్గించాలి, లేకపోతే వెనకభాగం ఎగురుతుంది, గతుకుల మీద చక్రం నేలను వదిలి బ్రేకు పట్టదు. పూర్తిగా సున్నా చేస్తే రబ్బరు మడతపడి రెండు పళ్లేల మధ్య నలిగి చిరుగుతుంది. పంచరుకు ఛాసిస్ కింద జాకీ పెట్టి లేపేటప్పుడు మాత్రం ముందు బ్యాగుల గాలి తీసేయాలి, ఇరుసు కిందికి వేలాడి బ్యాగును సాగదీస్తుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది, అలా మార్చిన యజమానికి 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండవచ్చు. కాబట్టి కొనక ముందే బండి కంపెనీ సర్వీసు సెంటరు అభిప్రాయాన్నీ, చిత్తూరు రవాణా కార్యాలయం సమాధానాన్నీ రాతపూర్వకంగా తీసుకోండి, బీమా కంపెనీకి కూడా తెలియజేయండి. ట్రెయిలర్‌కు వేరే రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ సందర్భంలోనే చూసుకోండి. కూలీలను బండి వెనక లోడు మీద కూర్చోబెట్టడం మాత్రం ఈ రోజు నుంచే మానేయండి. మందు డబ్బాల పక్కన, పైపు చుట్టల మీద, ఘాట్ రోడ్డులో కూర్చున్న మనిషికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. వారిని బస్సులోనో ఆటోలోనో పంపితే అయ్యే ఖర్చు మీ పిచికారీ కూలిలో కలుపుకోవచ్చు.

చివరగా, బ్యాగుల కన్నా ముందు మీరు ఆలోచించవలసిన విషయం ఒకటుంది. మొగిలి ఘాట్ మీదుగా మీరు మోస్తున్నది మందు కాదు, నీళ్లు. మందు బరువు నాలుగైదు కిలోలు, నీళ్ల బరువు వెయ్యి కిలోలు. పలమనేరు వైపు మీ కౌలు తోటలో బోరు ఉంటే ఖాళీ ట్యాంకుతో వెళ్లి అక్కడే నింపుకోవచ్చు, బోరు లేకపోతే ఆ రోజుకు ఒక నీళ్ల ట్యాంకరును అక్కడికే పిలిపించుకోవచ్చు. ఖాళీ ట్రెయిలర్ మూడున్నర వందల కిలోలే, దాని కొక్కెం బరువు యాభై దాటదు, మీ బండి వెనక దిగడం కూడా దాదాపు కనిపించదు. తేనెమంచు పురుగుకు మందు కొట్టవలసిన డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, తెల్లవారుజామున మంచులో ఘాట్ దిగేటప్పుడు వెనక వెయ్యి కిలోల నీళ్లు లేకపోవడం ఏ బ్యాగూ ఇవ్వలేని ధైర్యం. సగం నీళ్లతో ఘాట్‌లోకి వెళ్లడం అన్నిటికన్నా చెడ్డది. లోపల అడ్డు గోడలు లేని ప్లాస్టిక్ ట్యాంకులో సగం నీళ్లు బ్రేకు వేసిన ప్రతిసారీ ముందుకు దూకి బండిని తోస్తాయి, మలుపులో పక్కకు దూకి ట్రెయిలర్‌ను ఒరిగిస్తాయి. మిగిలిన మందు నీళ్లను తోటలోనే కొట్టేసి ఖాళీగా తిరిగి రండి. దిగుడులో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదలవద్దు, ఎక్కడానికి వాడిన గేరులోనే దిగితే ఇంజను పట్టు వల్ల డ్రమ్ములు చల్లగా ఉంటాయి. మీ ట్రెయిలర్‌కు సొంత బ్రేకు ఉన్నట్టు మీరు రాయలేదు, లేకపోతే బ్యాగులకు పెట్టే డబ్బుతో ముందు ఆ బ్రేకు పెట్టించుకోండి.

పూత రాకముందే, ఈ నెలలోనే వీలు చూసుకొని కమాన్ కట్టలు పరీక్షించి, మండీ కాటా మీద కొక్కెం బరువు తూచి, వేబ్రిడ్జి చీటీల్లోని అంకెలూ, ఆర్‌సీలోని ఇరుసువారీ బరువులూ రాసి పంపండి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, రెండు రకాలా తూచండి. మీ చుట్టుపక్కల తోటలకు మాత్రమే నిండు ట్యాంకుతో వెళ్తూ అప్పటికీ రెండు అంగుళాలకు పైగా దిగుతుంటే, ఎంత సైజు బ్యాగు సరిపోతుందో, ఎంత గాలితో మొదలుపెట్టాలో ఆ అంకెల మీద లెక్కగట్టి మీకు రాస్తాను.